పాడుకుంటూ గిద్దలూరు దాకా

గిద్దలూరు నుంచి తిరిగి వచ్చి ఎనిమిది రోజులైంది. ఇంకా నా గొంతు పూర్తిగా తెరుచుకోలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లకు సగం సైగలతో, సగం గుసగుసలతో జవాబు చెబుతున్నాను. అందరూ అడిగేది ఒక్కటే, "ఏం జరిగింది, మొదటి నుంచి చెప్పు" అని. నోటితో చెప్పలేక కాగితం ముందు కూర్చున్నాను. మాతో రాలేకపోయినవాళ్లు ఇది చదువుకుంటే చాలు, మళ్లీ నన్ను అడగనక్కర్లేదు.

మార్కాపురం

మా గుడిలో యువజన గాయకబృందం ఒకటుంది. ఏడుగురు మగపిల్లలు, ఐదుగురు ఆడపిల్లలు. పలకల గనుల్లో రాయి చీల్చే యేసుదాసుది అందరికంటే లోతైన గొంతు. కూలికి పోయే ఇంటి పిల్ల రాహేలుది అందరికంటే పైకి పోయే గొంతు. వీళ్లలో సగం మందికి అక్షరాలు రావు. మా జయరావు మాస్టారు ఒక్కొక్క వరస పాడి వినిపిస్తూ, రెండేళ్లపాటు ఓపికగా నేర్పించారు. నేను ఆడపిల్లల బడిలో టీచరును. మాస్టారు లేని రోజుల్లో ఎదుట నిలబడి, చేతితో తాళం చూపిస్తూ సాధన చేయించడం నా పని.

గిద్దలూరులో ఏటా వేసవిలో మన క్రైస్తవ సభలు జరుగుతాయి. ఈసారి ఊరికే రైలెక్కి పోకుండా, మధ్యలో పల్లెల్లో పాడుకుంటూ పోదామని మాస్టారు రెండు నెలల ముందే అందరికీ కబురు పంపారు. తీరా బయలుదేరే ముందురోజు ఆయనకు చలిజ్వరం తగులుకుంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు కొట్టుకుంటున్నాయి.

మంచం చుట్టూ పెద్దలు చేరారు. మా పాస్టరు అయ్యగారు "ఈసారికి మానుకుందాం" అన్నారు.

మాస్టారు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "సుగుణమ్మ తీసుకొని పోతాది. పాటలు నాకంటే ఆమెకే బాగా తెలుసు" అన్నారు.

సుగుణమ్మంటే నేనే. సంఘపెద్ద ఒకాయన నవ్వి, "ఆడమనిషి చెయ్యి ఊపితే మగపిల్లలు పాడేదేంది?" అన్నాడు.

గడప దగ్గర మార్తమ్మవ్వ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుగా పల్లెపల్లెకూ నడిచి బైబిలు వాక్యం చెప్పే మనిషి. ముక్కుపొడుం పట్టు వేసుకుని, "మీ ఇంట్లో ఆడమనిషి చెయ్యి ఊపకపోతే నీ నోట్లోకి సంగటి పోతాదా నాయనా?" అంది. జ్వరంలోనూ మాస్టారు నవ్వారు.

చివరికి అయ్యగారు ఒక మాటకు ఒప్పుకున్నారు. పల్లెల్లో నేను నడిపించవచ్చు. ఆడపిల్లలకు తోడుగా మార్తమ్మవ్వ రావాలి. గిద్దలూరు సభ వేదిక మీద మాత్రం ఎవరైనా మగ ఉపాధ్యాయుణ్ణి నిలబెడతారు. నేను వెంటనే సరేనన్నాను. నిజం చెప్పాలంటే, ఆ చివరి షరతు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

కొనకనమిట్ల

మా ఊళ్లో ఎద్దుల బండి తోలే మస్తాన్ మామ బండిలో హార్మోనియం పెట్టె, గిన్నెలు, మార్తమ్మవ్వ. మిగిలినవాళ్లం వంతులవారీగా ఎక్కుతూ దిగుతూ నడిచాం. దారి పొడుగునా దున్నిపెట్టి వాన కోసం చూస్తున్న చేలు తప్ప పచ్చదనం లేదు.

అక్కడివాళ్లు మాకు పచ్చిపులుసు, జొన్న సంగటి పెట్టారు. మా ఇళ్లలో సంగటి ముద్ద కట్టి పెడతాం. వాళ్లు పళ్లెంలో పరిచి, మధ్యలో గుంట చేసి పులుసు పోస్తారు. యేసుదాసు ఆ గుంటకు గండి కొట్టకుండా తినడం చేతకాక ఒళ్లంతా పోసుకున్నాడు. కోడిగుడ్లు అణాకు ఆరు. మార్కాపురంలో నాలుగే ఇస్తారని మార్తమ్మవ్వ ఆరోజంతా చెబుతూనే ఉంది.

సాయంత్రం గుడి ముందు పాడాం. అది చెప్పుకోదగ్గ పాట కాదు. జనాన్ని చూసి నా చెయ్యి వణికింది. వణుకు కనపడకూడదని వేగంగా ఊపాను. నా చెయ్యి ఎంత వేగంగా ఆడితే పిల్లలు అంత వేగంగా పాడారు. మాస్టారు కట్టిన కొత్త కీర్తన, "తలుపు తీయండి, తెల్లవారింది, పిలిచినవాడు వాకిట నిలిచినాడు" అనేది, నాలుగు వరసల గొంతులు కలిసి నెమ్మదిగా నడవాలి. మా నోట్లో అది దొంగను తరుముతున్న కేకలా ఉంది. ముందు వరసలో ఒకాయన పాట మధ్యలోనే లేచి గొడ్లకు మేత వెయ్యడానికి పోయాడు.

అయిపోయాక ఒక నడివయసు ఆమె నా దగ్గరికి వచ్చింది. చేతులు కూలిపనికి కాయలు కాచి ఉన్నాయి. "పాట మంచిదే చిన్నమ్మా. మాటలే పరుగెత్తినాయి. నేను వెంటబడినా గాని నాకు అందలా" అంది. ఎగతాళి కాదు. నిజంగానే ఏదో చేజారిన మనిషిలా అంది. ఆ మాట నాకు మాస్టారి రెండేళ్ల పాఠం కంటే గట్టిగా తగిలింది.

పుల్లలచెరువుకు పోవాలంటే మళ్లీ మార్కాపురం మీదుగానే దారి. ఊరు కనపడగానే, ఇక్కడే ఆగి నావల్ల కాదని చెప్పేద్దామా అనుకున్నాను. మార్తమ్మవ్వ నా ముఖం చూసి కనిపెట్టింది. "మస్తానూ, ఎద్దుల్ని ఆపబాక. ఆగితే ఈ పిల్ల దిగుతాది" అంది. బండి ఆగలేదు.

పుల్లలచెరువు

ఆ దారి దారి కాదు. ఒకచోట వంక దాటుతుంటే చక్రం గుంటలో పడి బండి పక్కకు ఒరిగింది. మార్తమ్మవ్వ గడ్డి మీద పడి బతికిపోయింది. హార్మోనియం రాళ్ల మీద పడింది. తిత్తి అడ్డంగా చిరిగి, నొక్కితే దగ్గు తప్ప స్వరం రావడం లేదు. మస్తాన్ మామ దాన్ని రెండు చేతులా ఎత్తి, తప్పంతా తనదే అన్నట్టు నిలబడ్డాడు.

"ఇప్పుడేం చేద్దాం అక్కా?" అంది రాహేలు.

"నేను శ్రుతి అందిస్తా. మీరు పట్టుకోండి" అన్నాను. ఇంకేమనాలో తోచక అన్న మాట అది. నడుస్తూ నడుస్తూ పది మైళ్లు అదే సాధన చేశాం. వినేవాళ్లు లేరు, కొండలు తప్ప. నేను నెమ్మదిగా పట్టుకున్నాను. పిల్లలు ఒకరినొకరు వినడం మొదలుపెట్టారు. పెట్టె మోగినన్నాళ్లూ వాళ్లు పెట్టెనే విన్నారని అప్పుడు తెలిసింది.

నల్లమల అంచున ఉన్న ఆ పల్లెల్లో నీళ్లకు ఎంత కరువో వినడమే గాని చూడలేదు. మేం దిగిన ఇంటి ముందు పన్నెండు చెంబులు వరసగా పెట్టి, మీద ఆకులు కప్పి ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క ఇంటిది. పాడేవాళ్లకు గొంతు ఎండకూడదని రెండు రోజులుగా తమ వాటాలోంచి మిగిల్చారట. మార్కాపురంలో చెంబెడు నీళ్లతో కాళ్లు కడిగి పారబోస్తాం. ఇక్కడ మాలో ఎవరూ ఆరోజు ముఖం కూడా కడుక్కోలేదు. ఒక్క చుక్క కింద పడకుండా తాగాం.

మర్నాడు తెల్లవారుజామున ఆడవాళ్లంతా చెలమ దగ్గర కూర్చుని ఉన్నారు. ఇసుకలో తవ్విన గుంట అది. ఊట ఊరి కడవ నిండాలంటే చాలాసేపు పడుతుంది. ఊరుతుంటే వంతుల కోసం కూర్చోవడమే. "ఇంత పొద్దు కూర్చునే ఉంటాం గదా, ఇక్కడే పాడండి" అన్నారు. గుడి లేదు, వేదిక లేదు. ఇసుకలో నిలబడి పాడాం. ఎవరికీ తొందర లేదు, నాకు కూడా. నాలుగు గొంతులూ ఒకదాని కింద ఒకటి నిలిచాయి. రాహేలు గొంతు పైకి లేచినప్పుడు, నీళ్లు తోడుతున్న ఆమె ముంతను అలాగే గాల్లో పట్టుకుని ఆగిపోయింది.

రెండోసారి పాడేటప్పుడు ఆ ఆడవాళ్లు పల్లవి అందుకున్నారు. మూడోసారి మాకంటే గట్టిగా పాడారు.

రైలులో

మార్కాపురం రోడ్డు స్టేషనులో మస్తాన్ మామ మమ్మల్ని దింపి, హార్మోనియాన్ని మాస్టారి ఇంటికి చేరుస్తానన్నాడు. కంభం దాకా మూడో తరగతి. పెట్టె నిండా జనం, మామిడిపండ్ల బుట్టలు, ఒక మేక.

ఎదుటి బల్ల మీద తలపాగా పెట్టుకున్న గుమాస్తా ఒకాయన మమ్మల్ని చాలాసేపు లెక్కపెట్టి చూసి, "ఏ నాటకం ఆడతాండారు?" అని అడిగాడు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి రైల్లో పోతుంటే ఆయనకు నాటక కంపెనీ తప్ప ఇంకోటి తట్టలేదు.

"నాటకం కాదు నాయనా, దేవుని పాటలు" అంది మార్తమ్మవ్వ.

"అట్లయితే రాజు వేషం ఎవరిది?"

"రాజు పైన ఉండాడు. మేం కూలోళ్లం" అంది అవ్వ. పెట్టెలో అందరూ నవ్వారు. గుమాస్తా కూడా నవ్వి, "అయితే ఒకటి పాడండి, టిక్కెట్టు లేకుండా చూసినట్టుంటాది" అన్నాడు. తర్లుపాడు నుంచి కంభం దాకా పాడుతూనే ఉన్నాం. దిగేటప్పుడు ఆయన తన బుట్టలోంచి నాలుగు మామిడిపండ్లు తీసి రాహేలు ఒళ్లో పెట్టాడు. మేకగల మనిషి మాత్రం, పాట మొదలైనప్పటి నుంచి మేక మేత ముట్టలేదని మా మీద కోపంగా ఉన్నాడు.

కంభంలో చెరువు చూశాం. వేసవికి తగ్గిందన్నారు గాని, మాకు అది సముద్రమే. యేసుదాసు గట్టు మీద కూర్చుని, "ఇంత నీళ్లు ఒకేచోట ఎందుకు పెట్టినాడు దేవుడు, కొంచెం పుల్లలచెరువులో పెట్టక" అన్నాడు.

రాచర్ల వైపు పల్లె

రాచర్లకు ఇవతల ఒక పల్లె. పేరు రాయను. అక్కడ మనవాళ్ల పాలెం ఊరికి వెలుపల, పడమర పక్కన ఉంది. గొర్రెలు, మేకలు, రాళ్ల చేలు. సాయంత్రం అక్కడి పాక గుడిలో పాడాం. బాగా పాడాం. అంతటితో ఆ ఊరి కథ అయిపోతుందనుకున్నాను.

పొద్దున్నే ఊరి రెడ్డి పాలెం అంచుకు వచ్చి నిలబడ్డాడు. నలభై ఐదేళ్ల మనిషి. అక్కడి సంఘపెద్ద అబ్రహాం తాత పరుగున ఎదురుపోయాడు. నేనూ వెళ్లాను.

"మా అమ్మ మూడు నెల్లుగా మంచంలో ఉండాది," అన్నాడు రెడ్డి. "నిన్న మీ పాట గాలికి మా ఇంటి దాకా వచ్చింది. రాత్రి నుంచి అదే అడుగుతాంది. మా వాకిట్లో ఒకటి పాడి పోండి."

"అట్లనే దొరా. వెనక దోవన చుట్టు తిరిగి వస్తాం" అన్నాడు తాత.

వెనక దోవ ఏమిటని నేను మెల్లగా అడిగాను. పాలెం నుంచి రెడ్డి ఇంటికి ఊరి పెద్ద వీధిలోంచి పోతే రెండు వందల అడుగులు. మనవాళ్లు ఆ వీధిన చెప్పులు వేసుకుని నడవకూడదు, గొంతెత్తకూడదు. అందుకని పెళ్లయినా, చావయినా కంచెల వెంట ముళ్లదారిన చుట్టు తిరిగి పోతారు. "మా తాతల నాటి నుంచి ఇంతే తల్లీ" అన్నాడు.

కోపంలో ఏదో ఒకటి అనేసే హక్కు నాకు లేదనిపించింది. తాతను పక్కకు పిలిచాను. "తాతా, మేం రేపు గిద్దలూరు పోతాం. ఇక్కడ ఉండాల్సింది మీరు. మీరు ముళ్లదారి అంటే ముళ్లదారే. వీధి అంటే వీధి. మీ మాటే" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి గుడిసెలోకి పోయాడు. భయపడి దాక్కున్నాడేమో అనుకున్నాను. బయటికి వచ్చేసరికి కాళ్లకు చెప్పులు ఉన్నాయి. గిద్దలూరు సంతకు పోయినప్పుడు, ఊరు దాటాక మాత్రమే తొడుక్కునే చెప్పులట అవి.

ఆ కాళ్లతోనే రెడ్డి ముందుకు వచ్చి నిలబడ్డాడు. "దొరా, పాట దోవలోనే మొదలైతాది. పిల్లలకు అట్లనే అలవాటు" అన్నాడు.

రెడ్డి ఆ చెప్పుల వంక చూశాడు. పాలెమంతా వాకిళ్లలోకి వచ్చి నిలబడి ఉంది. నేను నా చీర కొంగు మడతలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.

"అమ్మ ఎదురు చూస్తాంది. బిరబిరా రాండి" అని రెడ్డి వెనక్కి తిరిగి నడిచాడు.

ఆ వీధి ఎలా ఉందో నాకు గుర్తు లేదు. ముందు అబ్రహాం తాత, వెనక మేం పన్నెండు గొంతులు, మా వెనక పాలెంలోని ముసలీ ముతకా, ఆడా మగా. పాలెం మనుషులు మొదట పెదవులు కదపలేదు. సగం వీధి దాటాక ఎవరో ఒకామె పల్లవి అందుకుంది. "తలుపు తీయండి, తెల్లవారింది." ఇక వీధంతా అదే. తలుపులు నిజంగానే తెరుచుకున్నాయి. కొందరు చూడడానికి తెరిచారు, ఒకరిద్దరు విసురుగా మూశారు. ఎవరూ అడ్డం రాలేదు.

ముసలామెను మంచంతో సహా అరుగు మీదికి తెచ్చారు. ఎండిన కట్టెలా ఉంది మనిషి. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. పాట అయిపోయాక, "ఇంకొకసారి" అంది. రెండోసారి అయిపోయాక నన్ను దగ్గరికి పిలిచింది. "నువ్వు చెయ్యి ఎత్తితే వాళ్లు ఊపిరి తీసుకుంటాండారు. నీ చెయ్యి చూస్తా నేనూ తీసుకున్నా. కొంచెం సులువైంది పాపా" అంది.

మాకు మజ్జిగ ఇచ్చారు, కొత్త మట్టి ముంతల్లో. తాగాక వాటిని అక్కడే పగలగొట్టి పొమ్మని జీతగాడు చెప్పాడు. ఒక్క ఉదయంతో అన్నీ మారవు. మార్తమ్మవ్వ తన ముంతను అటూ ఇటూ తిప్పి చూసింది. "చిల్లు లేదు, బీట లేదు. పగలగొట్టేదేంది?" అని సంచిలో వేసుకుంది. మిగిలిన మేమంతా మా ముంతలు పట్టుకుని, వచ్చిన వీధినే పాడుకుంటూ పాలెం చేరాం. అబ్రహాం తాత భార్య ఎదురొచ్చి ఆయన కాళ్లకంటిన దుమ్ము కొంగుతో తుడిచింది. ఆయన వద్దనలేదు.

గిద్దలూరు

సభల పందిరి కొబ్బరాకులతో వేశారు. ఆకులు తూర్పు జిల్లాల నుంచి రైల్లో వచ్చాయట. వందలాది మంది చాపల మీద కూర్చున్నారు. అన్నిచోట్ల కంటే ఇక్కడ కాఫీ హోటలు గొప్ప. గ్లాసు అర్ధణా. మార్తమ్మవ్వ ఒక గుక్క తాగి, చేదు కషాయమని యేసుదాసుకు ఇచ్చేసింది.

అయ్యగారి మాట ప్రకారం ఒక పట్టణం నుంచి మగ ఉపాధ్యాయుడు వచ్చారు. సన్నగా, తెల్ల కోటు వేసుకుని ఉన్నారు. మంచి సంగీతం తెలిసిన మనిషి. మాకు సాధన చేయించారు. ఆయన చెయ్యి లెక్క తప్పదు. అయినా పాట నిలబడలేదు. మళ్లీ చేయించారు. మళ్లీ అంతే. పిల్లలు ఆయన చేతి వైపు కాక పక్కన కూర్చున్న నా వైపు చూస్తున్నారు. నేను కావాలని తల దించుకున్నాను. అప్పుడు మరీ చెడింది.

ఆయన చెయ్యి దించి, "ఏం జరుగుతోంది?" అని అడిగారు.

యేసుదాసు ముందుకు వచ్చాడు. "మీ తప్పు గాదు సారూ. పది దినాలు అక్క ఊపిరితో నడిచినాం. మాకు ఇప్పుడు ఇంకోరి ఊపిరి రాదు" అన్నాడు.

అవమానంగా తీసుకుంటారని భయపడ్డాను. ఆయన నన్ను నిలబడమన్నారు. ఒక చరణం విన్నారు. తర్వాత నేరుగా సభ నడిపే పెద్దల దగ్గరికి పోయారు. మేం పందిరి గుంజల పక్క నుంచి విన్నాం. "నేను నిలబడితే పాట చెడుతుంది. ఆమె నిలబడితే బాగుంటుంది. దేవుని సన్నిధిలో చెడ్డ పాట పాడించమంటారా?" అన్నారు. పెద్దలు సరేనన్నారు. ఆయన తిరిగి వచ్చి కోటు విప్పి, మడత పెట్టి, యేసుదాసు పక్కన లోతు గొంతుల వరసలో నిలబడ్డారు. "నన్నూ కలుపుకోండి. వరస నేర్పించు తమ్ముడూ" అన్నారు. రాయి చీల్చే మా యేసుదాసు ఆయనకు వరస నేర్పాడు.

సాయంత్రం నాలుగింటికి మా పేరు పిలిచారు. నేను వేదిక ఎక్కగానే పందిట్లో గుసగుస లేచింది. ఎవరో పైకే అన్నారు, "ఆడమనిషా?" అని. నేను పిల్లల ముఖాలు చూశాను. దారి ఎండకు నల్లబడిన పన్నెండు ముఖాలు, ఒక కొత్త ముఖం. వాళ్లకు నా చెయ్యి కావాలి. అంతకంటే ఇంకేం ఆలోచించే సమయం లేదు. శ్రుతి అందించి చెయ్యి ఎత్తాను.

మొదటి చరణానికి గుసగుస ఆగింది. రెండో చరణానికి వెనక చాపల మీద వాళ్లు మోకాళ్ల మీద లేచారు. పల్లవి మూడోసారి వచ్చేసరికి పందిట్లో ఒక మూల గొంతులు కలిశాయి. రాచర్ల వైపు నుంచి నడిచి వచ్చినవాళ్లు అక్కడ కూర్చున్నారు. వాళ్ల పక్కవాళ్లు అందుకున్నారు. వాళ్ల పక్కవాళ్లు. చాపలన్నీ లేచి నిలబడ్డాయి. వందల గొంతులు, ఏ తొందరా లేకుండా, మాట మీద మాట పేర్చినట్టు పాడుతున్నాయి. కొబ్బరాకుల పందిరి అదిరింది.

అప్పుడు చూసుకున్నాను. నా చెయ్యి కిందికి దిగి ఉంది. ఎప్పుడు దించానో తెలియదు. పాట ఆగలేదు. తన దారిన తాను నడుస్తోంది. పది రోజులుగా శ్రుతి అందించడమే గాని నేను పాడింది లేదు. జనం వైపు తిరిగి, నోరు తెరిచి, గొంతు పోయేదాకా పాడాను.